చరిత్ర లేదన్న జాతికి చరిత్ర నేర్పిన బడిపంతులు
(కార్టర్ వుడ్సన్‌గారి జీవితము)



మేము హైస్కూలులో చదువుకొన్న దినములలో సోషలు పాఠమునకు పిల్లలలో పెద్ద గౌరవము లేదు. లెక్కలకు ట్యూషను, ఇంగ్లీషునకు ట్యూషను పెట్టించుకొనెడివారము. సోషలు మాత్రము పరీక్షకు ముందురాత్రి గైడు ముందుపెట్టుకొని బట్టీపట్టవలసిన పాఠము. రాజుల పేర్లు, యుద్ధములు జరిగిన సంవత్సరములు, ఇండియా మ్యాపులో నదులు గుర్తించుట, ఇంతే. ఆ పుస్తకములో మా పేటలోని వారివంటి మనుష్యులెవరును మాకు కనబడలేదు. కనబడవలెనను తలంపు కూడ మాకు కలుగలేదు.

తరువాత కొన్ని సంవత్సరములకు, వేదాంత కళాశాల గ్రంథాలయములో ఒక చిన్న పుస్తకము మా చేతికి దొరికెను. నల్లజాతివారికి నేర్పబడిన తప్పు చదువును గూర్చి 1933లో అమెరికాలో అచ్చయిన పుస్తకమది. వ్రాసినవారు కార్టర్ జి. వుడ్సన్‌గారు. ఆయన పాదిరిగారు కారు, రాజకీయ నాయకులును కారు. పదేండ్లపాటు హైస్కూలు పిల్లలకు పాఠములు చెప్పిన బడిపంతులు. పాఠ్యపుస్తకములో ఎవరి చరిత్ర ఉన్నది, ఎవరి చరిత్ర లేదు, లేకపోయినందువలన చదువుకొను బిడ్డకు కలుగు నష్టమేమి అను ప్రశ్నను మేము మొదటిసారి ఆ పుస్తకములోనే ఎదుర్కొంటిమి. నూరేండ్ల చరిత్రను జ్ఞాపకము చేసికొను ఈ సంచికలో ఆయన జీవితమును క్లుప్తముగా చెప్పుట తగునని తలంచితిమి.

వుడ్సన్‌గారు 1875వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీన వర్జీనియా రాష్ట్రములోని న్యూ కాంటన్ అను పల్లెలో జన్మించిరి. తండ్రి జేమ్స్ హెన్రీ, తల్లి ఆన్ ఎలైజా. ఇద్దరును బానిసలుగా పుట్టినవారే. అమెరికాలో బానిసత్వము చట్టరీత్యా రద్దయినది 1865లో. అనగా బానిసత్వము పోయిన పదేండ్లకు ఈ బిడ్డ పుట్టెను. తండ్రికి చదువు రాదు. వడ్రంగము, వ్యవసాయము చేసి పెద్ద కుటుంబమును పోషించెను. ఇంటిలో లేమి ఎంతయున్నను, ఎవరి యెదుటను ఆత్మగౌరవము విడిచి తలవంచరాదని ఆయన బిడ్డలకు నేర్పెను. ఆ పల్లె బడి సంవత్సరములో కొద్ది నెలలు మాత్రమే నడిచెడిది. అందులో ఉపాధ్యాయులు తల్లి తోడబుట్టినవారే. వానయో మంచో పడి పొలములో పనిలేని దినములలో మాత్రమే బాలుడు బడికి పోగలిగెను. సాయంకాలము తండ్రికి వార్తాపత్రిక చదివి వినిపించుట ఆయన పని.

యౌవనములో వుడ్సన్‌గారు వెస్ట్ వర్జీనియా బొగ్గుగనులలో కూలిపనికి కుదిరిరి. అక్కడ ఆలివర్ జోన్స్ అను నల్లజాతి గనికార్మికుడుండెను. అమెరికా అంతర్యుద్ధములో సైనికుడుగా పోరాడినవాడు. పని ముగిసిన తరువాత కార్మికులు అతని యింట చేరి ఏదైనను తిని, త్రాగి, మాటలాడుకొనెడివారు. ఇంటినిండ నల్లజాతివారు వ్రాసిన పుస్తకములు, పత్రికలు ఉండెను గాని ఇంటివానికి చదువు రాదు. అందుచేత అతడు ఈ యువకునితో ఒక ఒప్పందము చేసికొనెను. రోజూ పత్రికలు బిగ్గరగా చదివి వినిపించవలెను. దానికి ప్రతిఫలముగా పండ్లు, ఐస్‌క్రీము ఉచితము. చదువుచున్నంతసేపు ఆ వృద్ధ సైనికులు నడుమ నడుమ ఆపి తాము చూచిన యుద్ధమును, తాము అనుభవించిన బానిసత్వమును, తమకు స్వేచ్ఛ వచ్చిన దినమును చెప్పుచుండిరి. అక్షరము రాని మనుష్యులలో ఇంత చరిత్ర దాగియున్నదని, అది ఏ పుస్తకములోను లేదని వుడ్సన్‌గారు ఆ గనికార్మికుల నడుమ గ్రహించిరి. తరువాత ఆయన పెద్ద విశ్వవిద్యాలయములలో చదివినను, ఆయన మొదటి చరిత్ర పాఠశాల మాత్రము బొగ్గుమసి పట్టిన ఆ గదియే.

1895లో, ఇరువది యేండ్ల వయస్సులో, ఆయన హంటింగ్టన్ పట్టణములోని డగ్లస్ హైస్కూలులో చేరిరి. ఆ వయస్సునకు మన పిల్లలు డిగ్రీ ముగించుచుందురు. ఆయన సిగ్గుపడక తనకన్న చిన్నవారి ప్రక్కన బల్లపై కూర్చుండి, హైస్కూలు చదువంతయు రెండేండ్లలోపే ముగించిరి. 1900లో అదే బడికి ప్రధానోపాధ్యాయులైరి. ఇదియంతయు జరుగుచుండగానే కెంటకీ రాష్ట్రములోని బెరియా కాలేజీలో వీలుచిక్కినప్పుడెల్ల చదివి 1903లో పట్టము పొందిరి. ఆ కాలేజీని స్థాపించినవారు బానిసత్వమును ఎదిరించిన జాన్ ఫీ అను సేవకులు. దేవుడు యొకనినుండి ప్రతి జాతి మనుష్యులను కలుగజేసెనను అపొస్తలుల కార్యముల పదునేడవ అధ్యాయములోని సత్యమే ఆ కాలేజీకి పునాది. అక్కడ తెల్లవారును నల్లవారును ఒకే తరగతిలో కూర్చుండి చదివిరి. కాని 1904లో కెంటకీ శాసనసభ అట్లు కలిసి చదువుటను నిషేధించుచు చట్టము చేసెను. వుడ్సన్‌గారు ఒక్క సంవత్సరము ఆలస్యము చేసియుండినయెడల ఆ తలుపు ఆయనకు మూయబడియుండెడిది.

1903 చివర ఆయన అప్పటికి అమెరికా పాలనలోనున్న ఫిలిప్పైన్స్ ద్వీపములకు ఉపాధ్యాయులుగా వెళ్లి, 1907 వరకు అక్కడ పనిచేసిరి. అచ్చట చూచిన ఒక సంగతిని ఆయన తరువాత తన పుస్తకములో వ్రాసిరి. పేరుపొందిన అమెరికా విశ్వవిద్యాలయములలో చదివిన ఉపాధ్యాయులు ఆ ద్వీపములకు వచ్చి, ఆపిలు చెట్టును ఎన్నడును చూడని పిల్లలచేత ఆపిలు చెట్టును గూర్చిన పాట పాడించుచుండిరి. పిల్లలకు ఒక్క ముక్కయు తలకెక్కలేదు. ఎన్నడును బడిపంతులుగా పనిచేయని ఒక బీమా ఉద్యోగి మాత్రము, ఆ దేశములో చాలకాలము నివసించినవాడగుటచేత, పిల్లల యిండ్లలోను పొలములలోను ఉన్న వస్తువులనే తెచ్చి తరగతిగదిని నింపెను. ఆపిలు చెట్టు బదులు లోంబోయ్ చెట్టును పాటలో పెట్టెను. లోంబోయ్ అనగా మన నేరేడు చెట్టే. జార్జి వాషింగ్టన్ కథకు ముందుగా వారి దేశభక్తుడైన హోసే రిసాల్ కథ చెప్పెను. పిల్లలకు చదువు వంటబట్టెను. బిడ్డ ఎరిగినదానినుండి ఎరుగనిదానికి తీసికొనిపోవుటయే విద్య అను సత్యము వుడ్సన్‌గారికి అక్కడ స్థిరపడెను. స్వదేశములోని నల్లజాతి బిడ్డల స్థితియు ఇదే గదా అని ఆయన ఆలోచించిరి. వారి పాఠ్యపుస్తకమంతయు ఆపిలు చెట్లే గాని, వారి పెరటిలోని చెట్టు ఒక్కటియు లేదు.

తిరిగి వచ్చి ఆయన 1908లో షికాగో విశ్వవిద్యాలయమునుండి ఎం.ఏ. పట్టము, 1912లో హార్వర్డు విశ్వవిద్యాలయమునుండి చరిత్రలో డాక్టరు పట్టము పొందిరి. ఆ విశ్వవిద్యాలయములో డాక్టరు పట్టము పొందిన నల్లజాతివారిలో ఆయన రెండవవారు. మొదటివారు డబ్ల్యు. ఇ. బి. డుబోయిస్‌గారు. బానిసలైన తలిదండ్రులకు పుట్టి చరిత్రలో డాక్టరైనవారు మాత్రము వుడ్సన్‌గారే. అయినను ఆ గొప్ప విద్యాలయములోనే నల్లజాతికి చెప్పుకొనదగిన చరిత్ర లేదను మాట ఆయన వినవలసివచ్చెను. ఆయన కోపముతో వాదులాటకు దిగలేదు. లేదన్నదానిని చూపించుటకే తన శేషజీవితమంతయు వెచ్చించిరి.

1909 నుండి ఆయన వాషింగ్టన్ నగరములోని నల్లజాతి హైస్కూళ్లలో ఉపాధ్యాయులుగా ఉండిరి. పగలు ఫ్రెంచి, స్పానిష్, ఇంగ్లీషు, చరిత్ర చెప్పుట, తక్కిన వేళలలో అక్కడి జాతీయ గ్రంథాలయములో పరిశోధన. 1915 సెప్టెంబరు 9వ తేదీన షికాగోలో వై.ఎం.సి.ఏ. భవనములో కొద్దిమంది మిత్రులను కూర్చుకొని, నీగ్రో జీవిత చరిత్రల అధ్యయన సంఘమును స్థాపించిరి. (ఆ దినములలో ఆ జాతివారు తమ్మును తాము ఆ పేరుతోనే గౌరవముగా చెప్పుకొనిరి. నేడు ఆ మాట మర్యాద కాదు గనుక సంస్థల పేర్లలో తప్ప మేము వాడుటలేదు.) 1916 జనవరిలో ఆ సంఘము పక్షమున చరిత్ర పత్రికను ప్రారంభించిరి. మొదటి సంచిక ఖర్చు ఆయన చేతిదే.

ఆ 1916వ సంవత్సరమే మరియొక సంగతి జరిగెను. చరిత్ర, భూగోళము, పౌరశాస్త్రము, ఆర్థిక విషయములు కలిపి హైస్కూలు పిల్లలకు సాంఘిక శాస్త్రముగా బోధింపవలెనని అమెరికాలో ఒక ఉపాధ్యాయ మహాసంఘపు కమిటీ నివేదిక ప్రకటించెను. సోషల్ స్టడీస్ అను పేరు బడులలో స్థిరపడుటకు ఆ నివేదిక ముఖ్యకారణము. ఆ కమిటీ అధ్యక్షులు థామస్ జెస్సీ జోన్స్‌గారు. ఆయనయు వేదాంత విద్య చదివినవారే. అంతకు పూర్వము హాంప్టన్ అను చోట నల్లజాతివారికి, అమెరికా ఆదివాసులకు నడుపబడిన విద్యాలయములో ఈ పాఠములనే బోధించిరి. ఆయన దురుద్దేశముతో చేసిరని మేము చెప్పము. పిల్లలు పుస్తకములో చిక్కుకొనక తమ ఊరి ఆరోగ్యము, పని, ప్రభుత్వము ఎరుగవలెనన్నది మంచి ఆలోచనయే. కాని హాంప్టన్ పాఠములలో ఒక లోపముండెను. నల్లజాతివారు వెనుకబడినవారు, మెల్లగా ఎదుగవలసినవారు, అంతవరకు ఉన్న స్థితిలో ఓర్పుతో సర్దుకొనవలసినవారు అని ఆ పాఠములు నేర్పెను. అన్యాయమును అన్యాయమని చెప్పుట అందులో లేదు. వుడ్సన్‌గారు ఈ ధోరణిని బహిరంగముగా ఖండించిరి. జోన్స్‌గారు ధర్మనిధుల పెద్దలయొద్ద పలుకుబడి గలవారు. ఆ విరోధమువలన వుడ్సన్‌గారి సంఘమునకు రావలసిన సహాయము దెబ్బతినెను.

పాఠముల తగవునకు ఇంత పట్టుదల యెందుకని అడుగవచ్చును. 1919 జూలైలో వాషింగ్టన్ వీధులలో తెల్లవారి గుంపులు నల్లవారిని వెంటాడి కొట్టిన దినములలో, వుడ్సన్‌గారు ఒక దుకాణపు నీడలో దాగి, ఒక నల్లజాతి మనుష్యుని గుంపు పట్టుకొని కాల్చుటను కన్నులార చూచిరి. వీధిలో జరుగు ఘోరము తరగతిగదిలో మొదలగునని ఆయన నమ్మిరి. ఒక జాతి ఏమియు సాధింపలేదని చిన్ననాటనుండి నేర్పినయెడల, ఆ జాతివానిని కొట్టుటకు పెద్దయైనవాడు సంకోచింపడు. దెబ్బతిన్నవాడును తాను అంతకు తగినవాడనేమో యని అనుకొనును. ఈ రెండవ నష్టమే మొదటిదానికన్న భయంకరమని ఆయన తలంచిరి.

1922లో ఆయన మన చరిత్రలో నల్లజాతివారి పాత్రను గూర్చిన పాఠ్యపుస్తకమును ప్రకటించిరి. బడిపిల్లలకు 1928లోను, హైస్కూలు విద్యార్థులకు 1935లోను వేరు పుస్తకములు వ్రాసిరి. పెద్ద ప్రచురణకర్తలు ఇట్టి పుస్తకములు వేయరు గనుక తామే ఒక ప్రచురణ సంస్థ పెట్టిరి. ఈ పుస్తకములకు ఎదురైన కష్టము కొంచెము కాదు. 1925లో ఓక్లహామా రాష్ట్రములోని మస్కోగీ పట్టణములో విద్యాబోర్డు ఆయన పుస్తకమును హైస్కూలునుండి తీసివేయించెను. లూసియానాలో 1930ల ఆరంభమున ఒక నల్లజాతి ఉపాధ్యాయిని అధికారులిచ్చిన పాఠ్యప్రణాళికను బల్లపై కనబడునట్లు పెట్టి, వుడ్సన్‌గారి పుస్తకమును ఒడిలో దాచుకొని, వాక్యము తరువాత వాక్యము మెల్లగా పిల్లలకు చదివి వినిపించెను. పైవారెవరైనను తరగతిలోనికి వచ్చినప్పుడు ఆమె చూపు ఒడిలోనుండి బల్లమీదికి మారెడిది. వారు వెళ్లగానే మరల ఒడిలోనికి దిగెడిది. ప్రియులారా, సోషలు పాఠమునకు ఉద్యోగము పణముగా పెట్టిన ఉపాధ్యాయులుండిరని మేము చదివినప్పుడు, ఆ పాఠమును చులకన చేసిన మా చిన్ననాటి దినములు మాకు జ్ఞాపకము వచ్చెను.

1926 ఫిబ్రవరి రెండవ వారములో వుడ్సన్‌గారు నీగ్రో చరిత్ర వారమును ప్రారంభించిరి. బానిసత్వ నిర్మూలనకు కారకులైన అబ్రహాము లింకన్ జన్మదినము 12వ తేదీ. బానిసత్వమునుండి పారిపోయి వచ్చి మహావక్తయైన ఫ్రెడరిక్ డగ్లస్ తన జన్మదినముగా ఆచరించుకొన్నది 14వ తేదీ. ప్రజలు అప్పటికే ఈ రెండు దినములను ఆచరించుచుండిరి గనుక ఆ వారమును ఎన్నుకొనిరి. బడులకు, సంఘములకు చిత్రపటములు, చిన్న నాటకములు, పాఠములు పంపిరి. ఉపాధ్యాయులు పండుగ చేసిరి. కాని ఆయన కోరిక వారముతో ఆగలేదు. సంవత్సరమంతయు ఈ చరిత్ర తక్కిన చరిత్రతో కలిపి బోధింపబడి, ప్రత్యేకముగా ఒక వారము అవసరము లేని దినము రావలెనని ఆయన ఆశించిరి.

ధర్మనిధులు సహాయము కొనసాగించుటకు ఒక షరతు పెట్టెను. సంఘమును ఏదైన ఒక కాలేజీకి అనుబంధము చేయవలెను. వుడ్సన్‌గారు ఒప్పుకొనలేదు. డబ్బు ఇచ్చువాడు పాఠమును దిద్దునని ఆయన భయము. 1930లలో ఆ సహాయము నిలిచిపోయెను. అప్పుడు ఆదుకొన్నవారు సామాన్యులు. బడిపంతుళ్లు, స్త్రీల సమాజములు, దేవాలయ సంఘములు కొద్ది కొద్దిగా పంపిన చందాలతో పని సాగెను. 1937లో మేరీ మెక్‌లియోడ్ బెతూన్‌గారి ప్రోత్సాహముతో ఉపాధ్యాయులకు, పిల్లలకు వేరొక పత్రికను కూడ మొదలుపెట్టిరి.

ఆయన వివాహము చేసికొనలేదు. వాషింగ్టన్‌లో తొమ్మిదవ వీధిలోని ఇల్లే ఆయనకు ఇల్లు, కార్యాలయము, పుస్తకాల గిడ్డంగి. మాట కఠినము, పట్టు ఎక్కువ. తోటి పనివారితో పొసగక విడిపోయిన సందర్భములు లేకపోలేదు. తరువాత కవిగా ప్రసిద్ధిచెందిన లాంగ్‌స్టన్ హ్యూస్‌గారు 1925లో కొంతకాలము ఆయనయొద్ద గుమాస్తాగా పనిచేసిరి. ఒకనాడు దొర ఊరిలో లేరని పనివారందరు చీట్లాటలో మునిగియుండగా వుడ్సన్‌గారు హఠాత్తుగా లోపలికి వచ్చిరట. ఎవరిని పనిలోనుండి తీసివేయలేదు. అందరిని కూర్చుండబెట్టి, తాము చేయుచున్న పని ఎవరి నిమిత్తమో, దానికి ఎంత బాధ్యత కలదో శాంతముగా వివరించి పంపిరి.

సంఘమును గూర్చి ఆయన చెప్పినది మనము వినదగినది. 1921లో ఆయన నల్లజాతి సంఘముల చరిత్ర వ్రాసిరి. వేరే ఏదియు తమ చేతిలో లేని దినములలో, ఆ జనులు తమదని చెప్పుకొనగలిగిన స్థలము దేవాలయమేయని, బడియు సభయు ఓదార్పును అక్కడనే దొరికెనని చూపిరి. మరియు పన్నెండేండ్లకు వ్రాసిన పుస్తకములో మావంటివారిని గట్టిగా మందలించిరి. వేదాంత కళాశాలలో పరదేశపు పాత తగవులను వల్లెవేసి పట్టము పుచ్చుకొని వచ్చిన బోధకుడు, తన యెదుట కూర్చున్న కూలివాని బ్రదుకును ఎరుగక, అతనికి పనికివచ్చు మాట ఒక్కటియు చెప్పలేకపోవుచున్నాడని ఆయన నింద. గ్రంథాలయములో కూర్చుండి ఆ పుట చదివిన దినమున మాకు ఆ మాట ముల్లువలె గుచ్చుకొనెను. ఐరోపా సభల సంవత్సరములన్నియు మాకు వచ్చును. మా తాతగారు ఏ యేట, ఎవరి మాటవలన, ఎంత వెలయిచ్చి చదువు నేర్చుకొనిరో మాకు తెలియదు. ఆ సెలవులలో ఇంటికి వెళ్లి మా నాయనమ్మను అడిగితిమి. ఆమె చెప్పిన సంగతులు ఒక నోటుబుక్కు నిండెను. మరుసటి సెలవులకు ఆమె లేదు.

వుడ్సన్‌గారు 1950వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన తన డెబ్బది నాలుగవ యేట, ఆ తొమ్మిదవ వీధి యింటిలోనే కన్నుమూసిరి. జోన్స్‌గారు మరణించినదియు ఆ సంవత్సరమే. ఆయన మొదలుపెట్టిన వారము 1976లో నెల అయ్యెను. ఫిబ్రవరి నెలను నల్లజాతి చరిత్ర మాసముగా ఆచరింపవలెనని ఆ యేట అమెరికా అధ్యక్షులే ప్రజలను కోరిరి. ఆయన నివసించిన ఇల్లు జాతీయ చారిత్రక స్థలముగా కాపాడబడుచున్నది.

ఇక మన సంగతి. ఈ సంచికను చేతబట్టుకొన్న ప్రతి కుటుంబములో హైస్కూలు చదువుచున్న బిడ్డ ఒకరైనను ఉందురు. వారి సోషలు పుస్తకము మన చేతిలో లేదు. దానిని వ్రాయువారు వేరు. కాని ఆలివర్ జోన్స్ గదివంటి గది మన యింటిలోనే ఉన్నది. బాప్తిస్మపు రిజిస్టరులో మన పెద్దల పేర్లున్నవి గాని, వారి కథలు లేవు. అవి అరుగులమీద కూర్చున్న వృద్ధుల నోట ఉన్నవి. మొదట బడికి పోయినవారెవరు, వారిని పోనీయనివారెవరు, కరవు వచ్చిన యేట ఏమి తిని బ్రదికిరి, దేవాలయపు గోడకు రాళ్లు మోసినవారెవరు? ఈ వేసవి సెలవులలో మన పిల్లలచేత ఈ ప్రశ్నలు అడిగించి, నోటుబుక్కులో వ్రాయింపుడి. వ్రాసినది ఆదివారపు బడిలో చదివింపుడి. రెండవ శతాబ్దపు సంచికను కూర్చువారికి ఆ నోటుబుక్కులు మనము అప్పగింపవలసిన ఆస్తి.

ఆలస్యము చేయవద్దని మాత్రము మా మనవి. మా నాయనమ్మ సంగతి మీకు చెప్పితిమి గదా.